కుడి చెవికి సరిపడా

నారాయణఖేడ్,
జూన్ 18, 2025

అరుణకు,

సోమవారం ఉదయం పదకొండు గంటలకు జహీరాబాద్‌లో చెవుల డాక్టరు నన్ను అద్దాల గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాడు. నా ఎడమ చెవి దాదాపు పోయిందని, ఇక తిరిగి రాదని చెప్పాడు. కుడి చెవి కూడా కొంత తగ్గింది. జాగ్రత్తగా ఉంటే అది నిలుస్తుంది, లేకపోతే అదీ పోతుంది.

ఈ సంగతి డాక్టరుకు తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు నీకు తెలుసు. మీ అన్నకు తెలియదు. గొంతు నొప్పి అని చెప్పి వెళ్లాను.

చిన్నప్పుడు ఆ చెవికి చీము కారేది. కొంత దానివల్ల, మిగతాది స్టేజీ మీది మానిటర్ డబ్బావల్ల అన్నాడు డాక్టరు. నువ్వు పాడిన రోజుల నుంచీ అంతే కదా. మన గొంతు మనకు వినపడాలని పెట్టే ఆ స్పీకరు డబ్బా మన బ్యాండు మంజీర మెలోడీస్ స్టేజీ మీద ఎప్పుడూ నా ఎడమ పక్కనే ఉంటుంది. ఢోలక్ మోతలో నా గొంతు వినపడక డబ్బా పెంచమంటాను. డబ్బా పెంచితే దశరథ్‌కు తన ఢోలక్ వినపడక ఇంకా గట్టిగా కొడతాడు. పెళ్లయిన ఏడాది నుంచి ఇదే నడుస్తోంది.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, నా ఫోన్ బ్యాండు ఆర్డర్ల ఫోన్. మెసేజ్ వస్తే ముందు మీ అన్నే తెరుస్తాడు. నువ్వు జవాబు సంతోషి టైలర్ షాపు అడ్రసుకు రాయి. సంతోషిని అడిగితే, "రాయమను గని నర్సింగన్నకు తెలిస్తె నా కుట్టు మిషిని బయట పడేస్తడు. గప్పుడు మీ ఇంట్లనే పెట్టుకోవాలె నన్ను" అని నవ్వింది. చెవి సంగతి దానికీ చెప్పలేదు.

ఇప్పుడు అడగాల్సింది అడుగుతాను. డబ్బాలు తీసేసి చెవిలో పెట్టుకునే వైర్‌లెస్ సెట్టు కొనాలని మీ అన్న ఎండాకాలం నుంచి అంటున్నాడు. బీదర్ బ్యాండువాళ్లు వాడుతున్నారట. ఏ సెట్టు కొనాలో తనకు తెలియదు. నీకు తెలుసు, సౌండు సామాన్ల షాపులో నీ పనే అది. ఒక చెవితో పాడే మనిషికి ఏ సెట్టు సరిపోతుందో నాకు చెప్పు. దసరాకు కంగ్టిలో నవరాత్రుల మొదటి రోజు ప్రోగ్రాం ఒప్పుకున్నాం.

చెబితే మీ అన్న కోప్పడతాడని కాదు, నీకూ తెలుసు. ముందు ఒక పాట తగ్గిస్తాడు, తర్వాత రెండు. ఆరు నెలలకు నేను ప్రోగ్రాములకు వండిపెట్టే మనిషినవుతాను. పాట తప్ప నాకు ఇంకో పని రాదు.

వినోద


మూసాపేట, హైదరాబాద్,
జూన్ 30

వదినెకు,

నీ ఉత్తరం షాపులో ఒకసారి, బస్సులో ఒకసారి చదివాను. ఓదార్చడం నాకు చేతకాదు. సెట్టు సంగతి రాస్తాను.

ఇందులో ఉండేవి మూడే. సౌండు మిక్సర్ పక్కన పెట్టే ట్రాన్స్‌మిటర్, నడుముకు తగిలించుకునే రిసీవర్, చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ఫోన్లు. షాపుకు వచ్చేవాళ్లందరూ ట్రాన్స్‌మిటర్ గురించే అడుగుతారు. నువ్వు మాత్రం ఇయర్‌ఫోన్ నుంచి మొదలుపెట్టు. దాని రబ్బరు నీ కుడి చెవిలో ఖాళీ లేకుండా కూర్చోవాలి. బయటి మోత ఆగితేనే లోపల మెల్లగా పెట్టుకున్నా వినిపిస్తుంది. వదులుగా ఉంటే నువ్వు సౌండు పెంచుతావు. అప్పుడు ఆ డబ్బాను తీసి చెవి లోపలే పెట్టుకున్నట్టవుతుంది. ఎడమ చెవిలో కూడా పెట్టుకో. వినపడకపోయినా మోత తగలకూడదు.

మైకు కింద పడినా, కీచుమన్నా, ఆ చప్పుడు హద్దు దాటి చెవిలోకి రాకుండా ఆపే ఏర్పాటు రిసీవర్‌లో ఉండాలి. దాన్ని లిమిటర్ అంటారు. అది లేని సెట్టు ఎవరు ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

నీకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకోటి ఉంది. మామూలుగా ఒక చెవికి కొన్ని, ఇంకో చెవికి కొన్ని పంచి పంపుతారు. అది స్టీరియో. నీకు అన్నీ కలిపి ఒకే చెవికి రావాలి. రిసీవర్‌లో మోనో అని ఉంటుంది, అది పెట్టించాలి. ఆ పని మిక్సర్ దగ్గర కూర్చునే సంగమేశ్‌ది. కాబట్టి అతనికైనా చెప్పక తప్పదు.

వైర్‌లెస్ నీ ఒక్కదానికే చాలు. దశరథ్, అన్న కూర్చునే వాయిస్తారు, వాళ్లకు వైరు పెట్టినా నడుస్తుంది. ఇంకో మాట. ఫోన్ల వైఫై, బ్లూటూత్ సిగ్నళ్లు తిరిగే దారిలోనే తిరిగే చిన్న సెట్లు వస్తున్నాయి. చూడడానికి ముద్దుగా ఉంటాయి. మధ్యలో ఆగిపోతాయి, అవి వద్దు. కొనేముందు నాకు పేరు రాయి.

అరుణ


నారాయణఖేడ్,
ఆగస్టు 4

అరుణకు,

నీ ఉత్తరం వచ్చేసరికే మీ అన్న బీదర్ వాళ్ల దగ్గర ఒక సెట్టు దసరా దాకా అడిగి తెచ్చాడు. అగ్గిపెట్టెంత ఉంది. నువ్వు వద్దన్న రకమే అనుకుంటాను. కాని నెల రోజుల రిహార్సల్‌లో ఒక్కసారి కూడా ఆగలేదు. రేకుల షెడ్డులో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచి పాడాను. బయట కల్లం దాకా వెళ్లినా వినిపించింది. "చూస్తివా, గీ సెట్టుకేం తక్కువైంది?" అన్నాడు మీ అన్న. పాత నియమం మారలేదు. రిహార్సల్ మొదలయ్యే ముందు అందరి ఫోన్లు బందు చేసి దశరథ్ ఢోలక్ సంచిలో వేయాల్సిందే.

సంగమేశ్‌కు చెప్పలేదు. చెప్పాలనే వెళ్లాను. అతను నాగల్‌గిద్ద నుంచి బండి మీద వచ్చి, వైర్లు విప్పుతూ, "స్వల్ప ఆగక్కా, నీ గొంతు ఎడమకిచ్చిన, ఢోలకు, కీబోర్డు కుడికిచ్చిన. సినిమావాళ్ల లెక్క వినపడ్తది" అని అంత సంబరంగా చెప్పాడు. మంచిగుంది అన్నాను.

అంటే నా గొంతు నాకు రావడం లేదు. రెండు చెవులూ మూసుకుపోయి, నా పాట దవడల్లోంచి, తలలోంచి మోగుతోంది. నీళ్లలో మునిగి పాడినట్టుంటుంది. కుడి చెవిలో ఢోలక్ పట్టుకుని, పాట గొంతుకు గుర్తున్నంత మేర పాడుతున్నాను. శ్రావణంలో రెండు పెళ్లిళ్లలో అలాగే పాడాను. రెండో పెళ్లిలో అన్నం తింటూ మీ అన్న అడిగాడు.

"ఏమైందే గొంతుకు? శృతి పైకెక్కుతుంది."

"పడిశం."

"నెల సంది పడిశమేనా?"

ఇంకో తంటా కూడా ఉంది. మన దగ్గర ముందు వరుసలోంచి జనం ఫర్మాయిష్ చేస్తారు కదా, ఫలానా పాట పాడమని. చెవులు మూసుకుంటే వాళ్ల కేక వినపడదు. "జనం మాట వినకుంట పాటేంది" అంటాడు మీ అన్న. ఆ మాట నిజమే.

వినోద


మూసాపేట,
ఆగస్టు 12

వదినెకు,

క్లుప్తంగా రాస్తున్నాను, గణపతి సీజను పని మీద పడింది.

ఫర్మాయిష్ సంగతి తేలికే. స్టేజీ ముందు ఒక మైకు జనం వైపు తిప్పి పెట్టి, దాన్ని నీ చెవికి మాత్రమే కొద్దిగా ఇవ్వమను. బయట స్పీకర్లకు ఇవ్వద్దు.

ఆ సెట్టు ఆగలేదంటే షెడ్డులో ఫోన్లు లేవు కాబట్టే ఆగలేదు. ఫోన్లన్నీ సంచిలో బందు అయ్యాక పరీక్ష చేశారు. జనం వచ్చేది ఫోన్లు జేబులో పెట్టుకునే, సగం మంది చేతిలో ఎత్తి వీడియో తీస్తూ. అప్పుడు ఆగుతుంది. అన్నకు ఈ మాట చెప్పు, నేను చెప్పానని చెప్పినా సరే.

సంగమేశ్‌కు చెప్పు. నీ గొంతు చెడలేదు. నీ గొంతును నీకు వినపడని చెవిలో పోస్తున్నారు, అంతే.

నువ్వు ఇప్పుడు ప్రోగ్రాంలో ఎన్ని పాటలు పాడుతున్నావు? అన్నీ నువ్వే పాడుతున్నావా?

అరుణ


నారాయణఖేడ్,
సెప్టెంబరు 1

అరుణజ్యోతికి,

శనివారం సిర్గాపూర్ గణపతి మండపం దగ్గర నాలుగో పాటలో సెట్టు ఆగిపోయింది. నువ్వు చెప్పినట్టే జరిగింది. నీ మాట మీ అన్నకు ముందే చెప్పాను. "నెల సంది ఒక్కసారన్న ఆగిందా?" అన్నాడు.

రెండో చరణంలో ముక్కలు ముక్కలుగా వచ్చింది, తర్వాత మొత్తం పోయింది. కంగారులో కుడి చెవిలోది పీకేశాను. జనం మోత, స్పీకర్ల మోత ఒక్కసారి మీద పడింది. ఢోలక్ ఎక్కడుందో తెలియలేదు. మీ అన్న కీబోర్డు వదిలి నా ఎడమ పక్కకు వచ్చి "ఆపు, ఆపు" అన్నాడట. నాకు వినపడలేదు. వాళ్లు ఆపేశారు, నేను ఒక్కదాన్నే పాడుతున్నాను, అది కూడా వేరే శృతిలో. ముందు వరుసలో ఒకడు "అక్కకు పూనకమొచ్చిందిరో!" అన్నాడు. ఆ మాట వినపడింది. అందరూ నవ్వారు.

నిన్న పొద్దున మీ అమ్మ బియ్యం ఏరుతూ అడిగింది. "అరుణ ఏ బస్సుకొస్తుందంట? దసరాకు పాటకొస్తుందని నర్సింగ్ అంటుండె. పరుపు ఎండకెయ్యాలె."

అలా తెలిసింది నాకు. నన్ను పక్కన పెట్టి నిన్ను పాడమని మీ అన్న అడిగాడు. ఆగస్టు ఉత్తరంలో నువ్వడిగిన ఆఖరి ప్రశ్న ఇప్పుడు అర్థమైంది. నా చెవి సంగతి ఇంతమందిలో నీ ఒక్కదానికే చెప్పాను. నువ్వు నాకు సెట్లు నేర్పుతూ, వెనక నా మైకు పట్టుకోవడానికి సిద్ధమవుతున్నావు.

పరుపు ఎండకు వేశాం.

వినోద


మూసాపేట,
సెప్టెంబరు 6

వదినెకు,

నీ కోపం న్యాయమే. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆగస్టు మొదటి వారంలో అన్న ఫోన్ చేశాడు. "మీ వదినె గొంతు పోయింది. దానికి చెప్పనీకి నాకు నోరొస్తలేదు. దసరా ఒక్కటి నువ్వొచ్చి గట్టెక్కియ్యి" అన్నాడు. ఏడుస్తున్నట్టే ఉంది గొంతు. పన్నెండో తారీఖున నీకు రాసేనాటికి ఇది నాకు తెలుసు.

పోయింది గొంతు కాదని ఆ క్షణమే చెప్పి ఉండొచ్చు. నువ్వు చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పలేదని రాస్తే సగమే నిజమవుతుంది. అన్న అడగగానే నాకు సంతోషమైంది. పెళ్లయ్యాక నేను స్టేజీ ఎక్కలేదు. రోజూ పాడేవాళ్ల నడుములకు రిసీవర్లు కడతాను, వాళ్లు పైకెక్కుతారు, నేను కింద నిలబడి బ్యాటరీలు చూస్తాను. అందుకే అన్నకు వస్తాననీ చెప్పలేదు, రాననీ చెప్పలేదు. చూస్తా అన్నాను. ఆయన దాన్ని వస్తాననుకున్నాడు.

నిన్న నేనే ఫోన్ చేసి, వదినె స్థానంలో రానని చెప్పాను. ఎందుకని అడిగాడు. "వదినెనే అడుగు, గొంతు గురించి కాదు, వేరే అడుగు" అన్నాను. అంతకుమించి చెప్పలేదు. మిగతాది నువ్వు చెప్పాలి. నువ్వు చెప్పకపోతే ఏ సెట్టు కొన్నా సంగమేశ్ నీ గొంతును ఎడమకే పంపుతాడు, నువ్వు పడిశమనే చెప్తుంటావు, అన్న గొంతు పోయిందనే అనుకుంటాడు.

షాపులో ఒక సెట్టు పక్కన పెట్టించాను. ఫోన్లకు దూరంగా, వేరే దారిలో తిరిగే రకం. లిమిటర్ ఉంది, మోనో ఉంది. ట్రాన్స్‌మిటర్ ఒక్కటే, రిసీవర్లు మాత్రం ఎన్నయినా పెట్టుకోవచ్చు. ముందు కిరాయికి తీసుకోండి. కంగ్టిలో నచ్చితేనే కొనండి. తెచ్చేది నేనే కానక్కర్లేదు, బస్సులో పార్శిల్ వేసినా చేరుతుంది.

అరుణ


నారాయణఖేడ్,
సెప్టెంబరు 14

అరుణకు,

శుక్రవారం రిహార్సల్‌లో చెప్పాను.

ముందు మీ అన్న ఒక్కడికే చెబుదామనుకున్నాను. నువ్వు ఫోన్ చేసిన నాటి నుంచి ఆయన నా వెనకే తిరుగుతున్నాడు. "ఏంది చెప్పవేందే, ఏం దాస్తున్నవ్?" అంటాడు, నేను నోరు తెరిచేలోపు "వద్దులే, తర్వాత చెప్పు" అంటాడు. భయపడుతున్నాడని అర్థమైంది. ఇంకేదో పెద్ద రోగం అనుకున్నాడట.

షెడ్డులో సంగమేశ్ వైర్లు పెడుతుంటే, "నా గొంతు కుడికియ్యి" అన్నాను.

"కుడికి ఢోలకుంది గదక్కా."

"అన్నీ కుడికే ఇయ్యి."

"గట్లైతె ఎడమకేమియ్యాలె?"

"ఎడమకేమిచ్చినా ఒకటే. ఆ చెవి పోయింది. దవాఖానల పరీక్ష జేసి చెప్పిండ్రు. గొంతు మంచిగనే ఉంది."

మొదట తేరుకున్నది దశరథ్. "అందుకేనా! పదేండ్ల సంది నీ ఎడమ దిక్కు గూసొని తిడుతున్న, ఒక్కనాడన్న పలుకకపోతివి. నీది పెద్ద మనసనుకున్న" అన్నాడు. నేను నవ్వాను. సంగమేశ్ నవ్వలేదు. ఇన్ని రోజులు నా గొంతును ఎడమకు పంపింది తనేనని లెక్క చూసుకుంటున్నట్టున్నాడు. "ముందే చెప్తె గాకపోవునా అక్కా" అని మిక్సర్ మీదికి వంగాడు. అవునన్నాను, చెబితే అయిపోయేది.

మీ అన్న కీబోర్డు వదిలి లేచి, మూలనున్న పాత డబ్బా దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"గీ డబ్బా ఎడమకు పెట్టింది నేనే గదనే. కుడి దిక్కు నా కీబోర్డు కడ్డమొస్తదని."

"ఎవ్వరికెర్క అప్పుడు."

"నాకెందుకు జెప్పలే?"

"చెప్తె పాటలు తగ్గిస్తవని."

ఆయన తగ్గించనని అనలేదు. అబద్ధం ఆడలేదు, అది మేలనుకున్నాను. కాసేపటికి సంగమేశ్ అన్నీ కలిపి కుడికి ఇచ్చాడు. అదే బీదర్ సెట్టు. చాలా రోజులకు నా గొంతు నాకు బయటి నుంచి వినిపించింది. అమ్మవారి పాట ఒకటి పాడాను. శృతి ఎక్కడా కదల్లేదు. దశరథ్ ఢోలక్ మెల్లగా కొట్టాడు. నేను పెంచమనలేదు.

పాట అయ్యాక మీ అన్న అన్న మాట ఇది. "కంగ్టి జూద్దాం. అక్కడ నిలబడితే దసరా మొత్తం నువ్వే. నిలబడకుంటె అప్పుడు మాట్లాడుకుందాం." ఒప్పుకున్నాను. పాటల లిస్టు నేనే రాసుకుంటానని చెప్పాను, దానికి ఆయన ఒప్పుకున్నాడు. డాక్టరు దగ్గరికి ఆయనా వస్తానన్నాడు. కుడి చెవి ఎంత మోతకు తట్టుకుంటుందో కాగితం మీద రాయించుకుని సంగమేశ్‌కు ఇస్తాడట.

నువ్వు పక్కన పెట్టించిన సెట్టే కావాలి. దశరథ్‌కు, మీ అన్నకు వైరే. జనం వైపు మైకు ఎక్కడ పెట్టాలో సంగమేశ్ కంగ్టి వెళ్లి చూసి వచ్చాడు.

ఇక మన సంగతి. ఆ ఉత్తరం చదివి ఒక రోజంతా నీ మీద కోపంగానే ఉన్నాను. నీకు సంతోషమైందన్న మాట దగ్గర కోపం ఎక్కువైంది. తర్వాత అదే మాట దగ్గర తగ్గింది. నువ్వు స్టేజీ కింద నిలబడి బ్యాటరీలు చూస్తుంటావని నేనెప్పుడూ అనుకోలేదు. నీకు అక్కడ సుఖంగా ఉందనుకున్నాను. నా చెవి మాట నేను దాచుకున్నట్టే, నీకు పాట మీద ఉన్నది నువ్వు దాచుకున్నావు. ఇద్దరం ఒక ఇంటివాళ్లమే.

సెట్టు పార్శిల్ వేయకు. నువ్వే తీసుకుని రా. రిసీవర్లు రెండు తే. లిస్టులో పది పాటలు రాశాను. ఏడు నావి, మూడింటికి ఎదురుగా మనిద్దరి పేర్లు రాశాను. లిస్టు చూసి మీ అన్న, "ఇద్దరాడోళ్లు ఒక్కటైతె ఇగ నాకేం మిగులుతది, కీబోర్డే" అన్నాడు. కాగితం మాత్రం చించలేదు. నువ్వు ఒప్పుకోకపోతే ఆ మూడూ నేనే పాడతాను. ఒప్పుకుంటే మాత్రం నా కుడి పక్క నిలబడాలి.

ఆదివారం, ఇరవై ఒకటిన, నీకోసం సంగమేశ్ నారాయణఖేడ్ బస్టాండులో ఉంటాడు. సోమవారం మధ్యాహ్నం మూడు గంటలకు కంగ్టిలో స్టేజీ కడతారు. అయిదుకు సౌండ్ పరీక్ష, ఈసారి ఫోన్లు ఎవరి జేబులో వాళ్లకే. ఏడు గంటలకు మొదటి పాట, అది నాది. రెండో పాట ఏడుంపావుకు, దానికెదురుగా మనిద్దరి పేర్లున్నాయి.

వినోద